ట్రక్కు ఇంజిన్ స్టాక్ ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కి పోర్టింగ్ చేయడం ఎలా

ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ అంటే ఇంజిన్ సిలిండర్లకి గాలిని పంచే పోత భాగం. పోర్టింగ్ అంటే దాని లోపలి దారులు పెద్దవి చేయడమే అని చాలామంది అనుకుంటారు. నా మొదటి మ్యానిఫోల్డ్‌ని నేనూ అలాగే చేశాను. మ్యానిఫోల్డ్‌కీ హెడ్‌కీ (సిలిండర్ల పైమూతకీ) మధ్య సీలుగా ఉండే గ్యాస్కెట్ రంధ్రం ఎంతుందో ప్రతి పోర్టునీ (గాలి దారి నోటినీ) అంతవరకూ తోడేసి, గోడలు అద్దంలా మెరిసేదాకా రుద్ది బిగించాను. ఖాళీ బండిలో, ఇంజిన్ బాగా తిరుగుతున్నప్పుడు కొంచెం హుషారు కనిపించింది. వెనక ట్రైలర్ తగిలించి ఎత్తు ఎక్కించేసరికి మాత్రం ముందుకన్నా నీరసంగా లాగింది. తోడేసిన లోహాన్ని తిరిగి పెట్టలేం కాబట్టి ఆ మ్యానిఫోల్డ్‌ని పక్కన పెట్టాల్సి వచ్చింది.

రెండోదానిలో పోర్టు సైజు దాదాపు ముట్టుకోలేదు. గాలి దూరే నోళ్లు గుండ్రం చేశాను. మ్యానిఫోల్డ్ హెడ్‌ని కలిసే చోట గాలికి ఎదురుగా మెట్టు లేకుండా చూశాను. పోత గరుకులు తీసి, ఎనిమిది రన్నర్లూ (ఒక్కో సిలిండర్‌కి గాలి తీసుకెళ్లే గొట్టాలు) ఒకదాన్నొకటి పోలి ఉండేలా కొలిచాను. బరువు లాగే బండికి పనికొచ్చే పోర్టింగ్ ఇదే. కింద చెప్పేదంతా ఆ పద్ధతే.

ఇది పెట్రోలు ట్రక్కు ఇంజిన్ల మీద వచ్చే పోత అల్యూమినియం మ్యానిఫోల్డ్‌ల గురించి. ఉదాహరణగా డాడ్జ్ ట్రక్కుల్లో 1992లో వచ్చిన 5.2 లీటర్ల మ్యాగ్నం, ఆ మరుసటి ఏడాది వచ్చిన 5.9 లీటర్ల మ్యాగ్నం వీ8 ఇంజిన్లను తీసుకుంటాను. వాటి మ్యానిఫోల్డ్ పీపాలా ఉంటుంది కాబట్టి దాన్ని కెగ్ అని పిలుస్తారు. మీ ఇంజిన్ వేరైనా పని వరస మారదు. ప్లాస్టిక్ మ్యానిఫోల్డ్ అయితే మాత్రం ఈ దారిలో వెళ్లకండి. లోహాన్ని తొలిచే బర్ వేడికి ప్లాస్టిక్ కరిగి సాగుతుంది, అతుకుల దగ్గర గోడ బలహీనపడుతుంది. టర్బో డీజిల్ సంగతి కూడా వేరు, అది ఇక్కడ చెప్పడం లేదు.

ముందు గాలి లెక్క

5.9 లీటర్లను ఎనిమిదితో భాగిస్తే ఒక్కో సిలిండర్‌కి దాదాపు 0.74 లీటరు. 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి 3,000 చుట్లు) దగ్గర పిస్టన్ పైనుంచి కిందికి దిగడానికి పట్టే సమయం 10 మిల్లీసెకన్లు. ఆ కాస్త వ్యవధిలోనే రన్నర్‌లోని గాలి కదలాలి, వేగం అందుకోవాలి, సిలిండర్ నింపాలి. గాలికీ బరువుంది కదా, ఒకసారి వేగం అందుకున్నాక వెంటనే ఆగదు. పిస్టన్ అడుగుకు చేరి మళ్లీ పైకి లేవడం మొదలయ్యాక కూడా ఇన్‌టేక్ వాల్వ్ ఇంకాసేపు తెరిచే ఉంటుంది. ఆ ఊపు మీద మరికాస్త గాలి లోపలికి వచ్చి పడుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో బండి లాగే బలానికి ఈ ఊపే ఆధారం.

ఇప్పుడు రన్నర్ వైశాల్యం 20 శాతం పెంచారనుకోండి. అంతే గాలి పోతున్నప్పుడు దాని వేగం దాదాపు 17 శాతం పడిపోతుంది. ఊపులో ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది 30 శాతం దాకా తగ్గుతుంది. నా మొదటి మ్యానిఫోల్డ్ ఎత్తు మీద ఎందుకు చతికిలబడిందో ఈ లెక్క వేసుకున్నాకే నాకు అర్థమైంది.

రన్నర్ పొడవు సంగతీ అంతే. పొడుగు రన్నర్ తక్కువ ఆర్‌పీఎంలో టార్క్ ఇస్తుంది, పొట్టిది ఎక్కువ ఆర్‌పీఎంలో. కెగ్ లోపల రన్నర్లు అంత పొడుగ్గా వంపు తిరిగి ఉండటం ట్రక్కు పని కోసమే. కొందరు ప్లీనమ్ (రన్నర్లన్నీ గాలి తీసుకునే గది) లోపల వాటిని కోసి పొట్టి చేస్తారు. మీ బండి బరువు లాగేదైతే ఆ పని చేయకండి.

ఇంకో సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. హెడ్, క్యామ్, ఎగ్జాస్ట్ స్టాక్‌వే, అంటే కంపెనీ నుంచి వచ్చినవే, ఉంటే మ్యానిఫోల్డ్ ఒక్కదానితో ఇంజిన్ మారిపోదు. మధ్య ఆర్‌పీఎంలో థ్రాటిల్‌కి స్పందన మెరుగవుతుంది, సిలిండర్ల మధ్య తేడా తగ్గి ఇంజిన్ సమంగా నడుస్తుంది. ఆ మాత్రానికి రెండు మూడు రోజుల చేతి పని చేసే ఓపిక ఉంటే మొదలుపెట్టండి.

కావాల్సిన సామాను

వేగం తగ్గించుకునే వీలున్న డై గ్రైండర్ ముఖ్యం. గాలితో నడిచేది చేతికి తేలిక, కానీ దానికి పెద్ద కంప్రెసర్ కావాలి. కరెంటుది బరువుగా ఉన్నా మొదటిసారి చేసేవాళ్లకి అదే నయం, వేగం నిలకడగా ఉంటుంది.

బర్ ఎంపికలో పొరపాటు చేస్తే రోజంతా వృథా. అల్యూమినియానికి పళ్ల మధ్య ఖాళీ ఎక్కువగా ఉండే సింగిల్ కట్ కార్బైడ్ బర్ కావాలి. ఉక్కు కోసం చేసిన డబుల్ కట్ బర్ నిమిషంలో అల్యూమినియంతో పూడుకుపోతుంది. కోడిగుడ్డు ఆకారంది ఒకటి, కొస గుండ్రంగా ఉన్న స్తంభాకారంది ఒకటి చాలు. రెండూ 6 మి.మీ. కాడతో, పొట్టి కాడవి, పొడుగు కాడవి తీసుకోండి. పొడుగు కాడ బర్‌ని రన్నర్ బయట గాలిలో ఉండగా ఫుల్ స్పీడులో తిప్పకండి. కాడ వంగి కొరడాలా కొడుతుంది, విరిగితే ఎటు ఎగిరిపోతుందో చెప్పలేం. ముందు రన్నర్ లోపల పెట్టి, అప్పుడు స్విచ్ వేసి, నెమ్మదిగా వేగం పెంచండి. బయటికి తీసేముందు ఆపండి.

బర్ పళ్లకి లోహం అంటుకోకుండా మధ్యమధ్యలో డబ్ల్యూడీ-40 గానీ కొవ్వొత్తి మైనం గానీ పట్టిస్తూ ఉండాలి. ఇవి కాక 60, 80 గ్రిట్ శాండ్‌పేపర్ రోల్స్, వాటికి మాండ్రెల్ (రోల్‌ని పట్టుకునే కాడ), లోపలి కొలతకి స్నాప్ గేజ్ లేదా లోపలి కాలిపర్, గోడ మందానికి బయటి కాలిపర్, స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌లు, టార్క్ రెంచ్, గీత గీసే సన్నటి ఉక్కు మొన, మార్కర్.

కళ్లజోడు మీద ఫేస్ షీల్డ్ కూడా పెట్టుకోండి. అల్యూమినియం రజను సూదుల్లా ఉంటుంది, మామూలు కళ్లజోడు పక్కనుంచి దూరుతుంది. డస్ట్ మాస్క్, చెవులకి రక్షణ తప్పనిసరి. వదులు చేతి తొడుగులు వద్దు, తిరిగే కాడకి చుట్టుకుంటాయి. అదే చోట ఇనుము గ్రైండ్ చేయకండి. సన్నటి అల్యూమినియం ధూళికి నిప్పురవ్వలు తగలకూడదు.

విప్పడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ పక్కన పెట్టుకుని, ఇంధనం లైన్లలో ప్రెషర్ తీసేసి బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. రేడియేటర్ నుంచి కూలెంట్ దించండి. థ్రాటిల్ బాడీ, ఫ్యూయల్ రైల్, ఇంజెక్టర్లు, వాక్యూమ్ పైపులు, సెన్సార్ల కనెక్టర్లు వరసగా తీస్తూ ప్రతిదానికీ టేపు మీద నంబరు రాసి అంటించండి, ఫోటోలు తీయండి. మ్యాగ్నంలో ముందువైపు ఏసీ కంప్రెసర్, ఆల్టర్నేటర్ బ్రాకెట్లు అడ్డొస్తాయి. మ్యానిఫోల్డ్‌ని పట్టుకునే బోల్టులు 12, అన్నీ నిలువుగా దిగుతాయి. బోల్టులు తీశాక అంటుకుపోయి ఉంటే గ్యాస్కెట్ ముఖం దగ్గర స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించకండి. అక్కడ పడిన ఒక్క గాటు చాలు, గాలి లీకవుతుంది. అంచున, పోత మందంగా ఉన్న చోట చెక్క ముక్క ఆనించి తట్టండి.

మ్యానిఫోల్డ్ పైకి లేవగానే హెడ్ పోర్టుల్లో పీచు రాలని గుడ్డలు కుక్కండి. ఎన్ని కుక్కారో కాగితం మీద రాసుకోండి, తిరిగి తీసేటప్పుడు లెక్క సరిపోవాలి. రెండు హెడ్‌ల మధ్య లిఫ్టర్లు (వాల్వ్‌లని లేపే ముక్కలు) కనిపించే లోయ మొత్తాన్నీ శుభ్రమైన షీటుతో కప్పి, అంచులు టేపు వేయండి. పాత గ్యాస్కెట్ గీకేది ఆ తర్వాతే. గ్రైండింగ్ పని మాత్రం ఇంజిన్‌కి దూరంగా, వీలైతే ఇంకో గదిలో పెట్టుకోండి.

కెగ్ విప్పినవాళ్లు దాన్ని తిరగేసి అడుగు పళ్లెం తప్పకుండా చూడాలి. మ్యానిఫోల్డ్ అల్యూమినియం, అడుగున బిగించిన పళ్లెం ఉక్కు. వేడికి అల్యూమినియం ఉక్కుకన్నా రెండింతలు సాగుతుంది. ఇంజిన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఆ రెండింటి మధ్య గ్యాస్కెట్ రాపిడికి గురై, ఏళ్లు గడిచేసరికి చిరుగుతుంది. అప్పుడు ఇంజిన్ లిఫ్టర్ లోయలోంచి నూనె ఆవిరిని పీల్చుకుంటుంది. నూనె తగ్గిపోతుంటుంది, బరువు మీద ఎక్కేటప్పుడు నాకింగ్ (మిశ్రమం తప్పుగా మండి వచ్చే టకటక చప్పుడు) వినిపిస్తుంది. ప్లీనమ్ లోపల తడి నూనె కనిపిస్తే మీ బండిదీ అదే జబ్బు. ఈ పళ్లెం బదులు మందపాటి అల్యూమినియం పళ్లెం వేస్తే రెండు లోహాలూ ఒకేలా సాగుతాయి. పోర్టింగ్ చేసినా చేయకపోయినా మ్యానిఫోల్డ్ ఎలాగూ బయట ఉంది కాబట్టి ఈ పని ఇప్పుడే చేసేయండి. నా దృష్టిలో ఆ బండికి పోర్టింగ్ కన్నా ఇదే ముఖ్యం. పైగా పళ్లెం తీస్తేనే రన్నర్ల నోళ్లు మీ చేతికి అందుతాయి.

గోడ మందం కొలవడం, గీత గీయడం

జిడ్డు, మసి పూర్తిగా కడిగి ఆరబెట్టాక కొలతలు మొదలుపెట్టండి. పోత పోసేటప్పుడు లోపలి ఇసుక అచ్చు కొంచెం పక్కకి జరిగితే ఒకవైపు గోడ మందంగా, ఎదురువైపు పలచగా వస్తుంది. అందుకే ఎనిమిది రన్నర్లలో ఏ రెండూ ఒకేలా ఉండవు. బయటి కాలిపర్‌తో అందినచోటల్లా మందం కొలిచి, మ్యానిఫోల్డ్ మీదే మార్కర్‌తో రాయండి. పని అయ్యాక ఎక్కడా 3 మి.మీ. కన్నా తక్కువ మిగలకూడదు అనేది నేను పెట్టుకున్న గీత. బోల్టు రంధ్రాలు, ఇంజెక్టర్ గూళ్లు, ముందువైపు కూలెంట్ దారి, ఈజీఆర్ దారి (ఎగ్జాస్ట్ వాయువుని తిరిగి ఇన్‌టేక్‌లోకి తెచ్చేది) ఉన్న మ్యానిఫోల్డ్‌లో ఆ దారి, వీటి పక్క గోడలకి ఎర్ర గుర్తు పెట్టి అసలు ముట్టుకోకండి.

ఇప్పుడు హెడ్ పోర్టు ఆకారం మ్యానిఫోల్డ్ మీదికి తేవాలి. దీనికి గ్యాస్కెట్‌ని నమ్మకండి. ఒకే గ్యాస్కెట్ రకరకాల హెడ్‌లకి సరిపోవాలని రంధ్రాలు వెడల్పుగా కోస్తారు. బదులుగా గట్టి అట్ట ముక్క తీసుకుని, బోల్టు రంధ్రాలు కొట్టి, రెండు బోల్టులతో హెడ్ మీద కదలకుండా పెట్టండి. పోర్టు అంచు వెంబడి నూనె మరక ఉన్న వేలితో నొక్కుతూ రుద్దితే ఆకారం అచ్చుపడుతుంది. ఆ గీత మీద పదునైన బ్లేడుతో కోసి, హెడ్‌ని తాకిన ముఖం పైకి ఉండేలా అట్టని మ్యానిఫోల్డ్ మీద పెట్టి, అవే బోల్టు రంధ్రాలతో సరిచూడండి. మ్యానిఫోల్డ్ ముఖానికి మార్కర్ పూసి, ఉక్కు మొనతో గీత గీయండి. ఎడమ హెడ్ అట్ట కుడికి వాడకండి.

గీత చూడగానే మీకే అర్థమవుతుంది. కొన్ని పోర్టులు గీత లోపలే ఉంటాయి, కొన్ని ఒక పక్కకి తోసినట్టు ఉంటాయి. చేయాల్సిన పని పక్కకి జరిగినదాన్ని గీత మధ్యకి తేవడం, అంతే.

మ్యానిఫోల్డ్, హెడ్ కలిసే చోటు

మ్యానిఫోల్డ్ పోర్టు హెడ్ పోర్టు కన్నా చుట్టూ అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు చిన్నదిగా ఉండాలి. అప్పుడు గాలి చిన్న దారిలోంచి పెద్ద దారిలోకి దిగుతుంది, దేనికీ గుద్దుకోదు. సిలిండర్ నుంచి గాలి వెనక్కి తన్నినప్పుడు ఆ చిన్న మెట్టు దాన్ని అడ్డుకుంటుంది కూడా. తారుమారైతే, అంటే మ్యానిఫోల్డ్ పెద్దదై హెడ్ అంచు బయటికి పొడుచుకొస్తే, వేగంగా వచ్చే గాలి నేరుగా గోడని ఢీకొని సుడి తిరుగుతుంది. ఇంటి దగ్గర చేసిన పోర్టింగ్‌లలో నేను ఎక్కువగా చూసిన తప్పు ఇదే.

గీత దగ్గరి వరకూ తీయాల్సి వస్తే అంచు దగ్గరే గుంటలా తోడి వదలకండి. గాలి అక్కడ నెమ్మదించి మళ్లీ ఇరుకులోంచి వేగం అందుకోవాల్సి వస్తుంది. కనీసం 25 నుంచి 30 మి.మీ. లోపలికి ఏటవాలుగా కలపండి. బర్‌ని ఒకే చోట ఆపితే గుంట పడుతుంది. లోపలి నుంచి బయటికి, పొడుగ్గా, తేలిక చేత్తో, ఆగకుండా లాగుతూ ఉండాలి. గ్రైండర్ బరువే చాలు, మీరు నొక్కక్కర్లేదు. కంటికి కనిపించని మిట్టపల్లాలు వేలికొసకి తెలుస్తాయి, ప్రతి రెండు నిమిషాలకీ ఆపి, రజను దులిపి, కళ్లు మూసుకుని తడిమి చూడండి.

పై గోడని, పక్క గోడల్ని సరిచేయొచ్చు. అడుగు గోడ మాత్రం, ముఖ్యంగా మలుపు లోపలివైపు, వీలైనంత వదిలేయండి. మలుపు లోపలి అంచుని తవ్వితే వంపు ఇంకా పదునెక్కి, గాలి గోడని వదిలేసి సుడులు తిరుగుతుంది.

రన్నర్ నోళ్లు

సమయం ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడ. కాలువలో నీరు తూములోకి ఎలా దూరుతుందో చూశారు కదా. తూము అంచు కత్తిరించినట్టు చదునుగా ఉంటే నీరు అంచు దగ్గర విరిగి, ధార సన్నబడి, చుట్టూ సుడి కడుతుంది. అంచు గుండ్రంగా ఉంటే నిండుగా జారిపోతుంది. గాలీ అంతే చేస్తుంది. ద్రవశాస్త్రం లెక్కల్లో పదునైన అంచున్న నోటి దగ్గర నష్టానికి గుణకం 0.5. అంచు బాగా గుండ్రంగా ఉంటే అది 0.05 కన్నా తక్కువ. పైపు కొస లోపలికి పొడుచుకుని ఉంటే 0.8 దాకా పోతుంది. ఒక్క అంచు ఆకారంతో పది రెట్ల తేడా, పైగా రన్నర్ వైశాల్యం ఒక్క పిసరు కూడా పెంచకుండా.

పూర్తి ఫలితానికి గుండ్రం వ్యాసార్ధం రన్నర్ వెడల్పులో 15 శాతం ఉండాలి. 40 మి.మీ. వెడల్పుకి 6 మి.మీ. అన్నమాట. అన్ని చోట్లా అంత లోహం ఉండదు. ఉన్నంతలో చేయండి, 3 మి.మీ. గుండ్రం కూడా పదును అంచుకన్నా ఎంతో మేలు. 6 మి.మీ. వ్యాసార్ధంతో అట్టని వంపుగా కోసి పెట్టుకుంటే ప్రతి నోటికీ ఆనించి సరిచూసుకోవచ్చు. కోడిగుడ్డు బర్ ఈ పనికే పుట్టినట్టుంటుంది.

పక్కపక్కన ఉన్న రెండు రన్నర్లని వేరుచేసే గోడ కొసని కత్తిలా పదును పెట్టాలని చేతులు లాగుతాయి. వద్దు. ప్లీనమ్‌లో గాలి ఒక్కోసారి ఒక్కో వైపు నుంచి వస్తుంది, ఎందుకంటే సిలిండర్లు వంతులవారీగా పీలుస్తాయి. కత్తి అంచు నేరుగా వచ్చే గాలికే పనికొస్తుంది, పక్కనుంచి వచ్చేదాన్ని చీల్చి సుడి చేస్తుంది. నీటి బొట్టు మొహంలా మొద్దుగా, గుండ్రంగా ఉంచండి.

రన్నర్ లోపల

ఇక్కడ తక్కువ పనే ఉంది. పోత అతుకు గీతలు, బొడిపెలు, అచ్చు కొసల దగ్గర మిగిలిన లోహపు పెదవులు తీసేయండి. ఇంజెక్టర్ గూడు దగ్గర రన్నర్ పైభాగం కొంచెం లోపలికి ఉబ్బి ఉంటుంది. దాని అంచులు మెత్తగా కలపండి కానీ ఉబ్బుని చదును చేయకండి, వెనక గోడ పలచన. ఇంజెక్టర్ రంధ్రాల్లో రబ్బరు బిరడాలు పెట్టాకే పని చేయాలి. ఓ-రింగ్ కూర్చునే చోట బర్ తగిలితే ఇంధనం దగ్గర గాలి లీకవుతుంది, ఆ గీతని సరిచేయడం చాలా కష్టం.

వరస విషయంలో నా సలహా ఇది. అన్నింటికన్నా చెడుగా ఉన్న రన్నర్‌ని, అంటే గోడ పలచగా, పోర్టు బాగా పక్కకి జరిగినదాన్ని, ముందు పూర్తి చేయండి. దాన్ని ఎంతవరకు తేగలిగారో మిగతా ఏడింటికీ అదే హద్దు. మంచి రన్నర్‌తో మొదలుపెడితే చివరి చెడ్డది దాన్ని అందుకోలేదు. అందుకోవాలని తొందరపడితే గోడ చిల్లు పడుతుంది. నోటి దగ్గర, మధ్యలో, హెడ్ వైపు, ఈ మూడు చోట్లా స్నాప్ గేజ్‌తో కొలిచి పట్టికగా రాసుకోండి. ఒక దశ పని ఎనిమిదింటికీ అయ్యాకే తర్వాతి దశకి వెళ్లండి. ఒకే రోజు అన్నీ ముగించాలని కూర్చోకండి. చేతులు అలిసిపోయాక బర్ జారుతుంది.

ఎంత నునుపు

60 గ్రిట్ రోల్‌తో బర్ గీతలు పోగొట్టి, 80 గ్రిట్‌తో ఒకసారి తిప్పితే చాలు. అద్దం మెరుపు వల్ల ట్రక్కు ఇంజిన్‌కి వచ్చేదేమీ లేదు. మ్యాగ్నం లాంటి ఇంజిన్లో ఇంజెక్టర్ వాల్వ్‌కి దగ్గరగా చిమ్ముతుంది కాబట్టి తడిసేది చివరి భాగమే. కార్బురేటర్ గానీ థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ గానీ ఉన్న ఇంజిన్‌లో మ్యానిఫోల్డ్ మొత్తం తడి మిశ్రమాన్నే మోస్తుంది. అక్కడ అడుగున సన్నటి గరుకు ఉండటమే మంచిది. గోడకి అంటిన పెట్రోలు పొర దానివల్ల విరిగి మళ్లీ గాలిలో కలుస్తుంది.

కడగడం

గ్రైండింగ్ ఎంత బాగా చేసినా ఇక్కడ అశ్రద్ధ చేస్తే ఇంజిన్ పోతుంది. ఈజీఆర్ దారిలోనో, బోల్టు రంధ్రంలోనో మిగిలిన చిటికెడు రజను మొదటి స్టార్ట్‌లోనే సిలిండర్‌లోకి వెళ్లి గోడలు గీస్తుంది. ఇనుప రజనైతే అయస్కాంతానికి అంటుతుంది, అల్యూమినియం అంటదు. కాబట్టి కడగడం ఒక్కటే దారి.

ముందు కంప్రెసర్ గాలితో ప్రతి దారినీ రెండు వైపుల నుంచీ ఊదండి. తర్వాత వేడినీళ్లు, డిటర్జెంట్‌తో పొడుగు బ్రష్‌లు పెట్టి రన్నర్లు, కూలెంట్ దారి, వాక్యూమ్ రంధ్రాలు, మరలున్న రంధ్రాలు ఒక్కొక్కటీ తోమండి. తిరగేసి, తట్టి, మళ్లీ ఊది, మళ్లీ కడగండి. ఆరాక తెల్లటి తడి గుడ్డ ప్రతి రన్నర్‌లోంచీ లాగండి. గుడ్డ మీద ఒక్క మెరుపు కనిపించినా మొదటి నుంచీ కడగాలి. నేను మూడుసార్లకి తక్కువ ఎప్పుడూ కడగలేదు. మూడోసారి కూడా ఈజీఆర్ దారిలోంచి రజను వచ్చిన సందర్భం ఉంది.

తిరిగి బిగించడం

స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, ఫీలర్ గేజ్‌తో రెండు హెడ్ ముఖాలూ, అడుగు పళ్లెం ముఖం చదునుగా ఉన్నాయేమో చూడండి. మాన్యువల్ చెప్పిన హద్దు దాటితే మెషిన్ షాపులో చదును చేయించాలి, సీలెంట్ ఎక్కువ పూసి సరిపెట్టుకోవద్దు.

గ్యాస్కెట్ వేయకముందే హెడ్ పోర్టుల్లోని గుడ్డలు తీసి, రాసుకున్న అంకెతో సరిచూడండి. కొత్త గ్యాస్కెట్లతో, సీలెంట్ లేకుండా మ్యానిఫోల్డ్‌ని ఒకసారి ఊరికే కూర్చోబెట్టండి. నాలుగు బోల్టులు చేత్తో బిగించి, థ్రాటిల్ బాడీ రంధ్రంలోంచి ఎండోస్కోప్ కెమెరా దించి ప్రతి రన్నర్ చివరా చూడండి. హెడ్ అంచు గానీ గ్యాస్కెట్ అంచు గానీ దారిలోకి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తే ఇప్పుడే తీసి సరిచేయాలి. ఇది పది నిమిషాల పని, అట్ట కొలతలో జరిగిన పొరపాటు ఇక్కడే బయటపడుతుంది.

అంతా సరిగా ఉంటే లోయ ముందు వెనక గట్ల మీద ఆర్‌టీవీ (సిలికాన్) సీలెంట్‌ని తెగకుండా ఒకే ధారగా వేసి, మ్యానిఫోల్డ్‌ని నేరుగా కిందికి దించండి. పక్కకి జరిపితే సీలెంట్ చెదురుతుంది. ఇద్దరుంటే మేలు. బోల్టులు మాన్యువల్‌లోని వరసలో, మధ్య నుంచి చివరలకి, మూడు విడతల్లో టార్క్ రెంచ్‌తో బిగించండి. అల్యూమినియం మ్యానిఫోల్డ్‌కి చెప్పే టార్క్ అంకెలు చూడ్డానికి చాలా తక్కువ అనిపిస్తాయి, అంచనాతో ఇంకొంచెం లాగితే ముఖం వంగుతుంది. సీలెంట్ డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వండి. ఇంజెక్టర్లకి కొత్త ఓ-రింగ్‌లు వేయండి. మ్యానిఫోల్డ్ తీసేటప్పుడు కొంచెం కూలెంట్ లోయలోకి కారే ఉంటుంది కాబట్టి ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చాకే స్టార్ట్ చేయాలి.

స్టార్ట్ చేశాక

కీ రెండు మూడుసార్లు ఆన్ చేసి ఆపి, ఇంధనం ప్రెషర్ ఎక్కాక ఫ్యూయల్ రైల్ దగ్గర తడి ఉందేమో చూడండి. స్టార్ట్ చేసి, కూలెంట్‌లోని గాలి పోనిచ్చి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కనివ్వండి. సముద్రమట్టానికి దగ్గర్లో ఆరోగ్యంగా ఉన్న స్టాక్ ఇంజిన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం) వాక్యూమ్ చూపిస్తుంది, ఎత్తైన చోట ఇంకా తక్కువ. వాక్యూమ్ గేజ్ ముల్లు నిలకడగా ఉండాలి. విప్పకముందే ఒకసారి కొలిచి రాసుకుని ఉంటే పోల్చుకోవడం తేలిక.

ఇంజిన్ కంప్యూటర్‌ని చదివే ఓబీడీ స్కానర్ పెట్టే వీలుంటే ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూడండి. ఐడిల్‌లో ప్లస్ పదికి పైన ఉండి, ఆర్‌పీఎం పెంచగానే తగ్గిపోతుంటే గాలి ఎక్కడో లీకవుతుండొచ్చు. పొగ యంత్రంతో వెతకడం అన్నింటికన్నా భద్రం. వేడి ఇంజిన్ మీద మండే స్ప్రేలు కొట్టి వెతకకండి. అడుగు పళ్లెం లీకు బయటికి కనిపించదు. దానికి పీసీవీ వాల్వ్‌ని (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపేదాన్ని) వాల్వ్ కవర్ నుంచి తీసి రెండు రంధ్రాలూ మూయండి. అంటే వాల్వ్ ఉన్న గొట్టం కొస, కవర్‌లోని రంధ్రం. ఇంజిన్ నడుస్తుండగా అవతలి వాల్వ్ కవర్ బ్రీదర్ రంధ్రం మీద అరచెయ్యి పెట్టండి. మెల్లగా బయటికి నెట్టినట్టుంటే మంచిదే. చేతిని లోపలికి పీల్చుకుంటే పళ్లెం గ్యాస్కెట్ కూర్చోలేదు.

రోడ్డు మీద పరీక్షకి మీకు తెలిసిన ఎత్తు, అదే బరువు, అదే గేరు పెట్టుకోండి. కిటికీ దించి వినండి. ముందు లేని నాకింగ్ ఇప్పుడు వస్తుంటే బరువు దింపేసి, మిశ్రమం పలచనైందేమో, టైమింగ్ కదిలిందేమో చూడాలి. థ్రాటిల్ పూర్తిగా నొక్కినప్పుడు కంప్యూటర్ ఆక్సిజన్ సెన్సార్ మాట వినదు, ముందే నిల్వ ఉన్న పట్టిక ప్రకారం ఇంధనం ఇస్తుంది. అందుకే ఐడిల్ బాగుందని నిశ్చింతగా ఉండకూడదు. వంద, రెండు వందల కిలోమీటర్లు తిరిగాక ఎనిమిది స్పార్క్ ప్లగ్‌లూ తీసి వరసగా పేర్చండి. మీరు రన్నర్లు సమంగా చేశారో లేదో వాటి రంగు చెబుతుంది. ఒక్కటి తెల్లగా పాలిపోయి ఉంటే ఆ సిలిండర్ రన్నర్ దగ్గర లీకు వెతకండి. ఒక్కటే నూనెతో తడిసి ఉంటే ఆ పోర్టు అడుగున గ్యాస్కెట్ అంచు చూడండి. అదే రోజు, ఇంజిన్ చల్లగా ఉండగానే, మ్యానిఫోల్డ్ బోల్టులు అదే వరసలో, అదే టార్క్‌తో ఒకసారి సరిచూసి ప్లగ్‌లు తిరిగి బిగించండి.